ఆన్‌లైన్ విపణిలో వరంగల్ జంపఖానా: సంప్రదాయ వృత్తిదారుల అంతర్జాల దుకాణాలపై నేపథ్య వ్యాసం

వరంగల్ నగరంలోని కొత్తవాడ మగ్గాలకు పేరు తెచ్చిన జంపఖానాలకు 2018వ సంవత్సరంలో "వరంగల్ డర్రీస్" అను పేరున భౌగోళిక గుర్తింపు లభించింది. దీనితో ఆ పేరుకు చట్టబద్ధమైన రక్షణ ఏర్పడింది. అయితే ఆ పేరు విని సరుకు కొనదలచిన వినియోగదారుడు నేడు బజారుకు బయలుదేరక ముందే తన చేతిలోని ఫోన్‌లో వెదుకుతున్నాడు. ఆ వెదుకులాటలో నేతకారుని సరుకు కనిపించనిచో, అదే పేరుతో మరొకరు పెట్టిన మరమగ్గపు సరుకు కనిపించే అవకాశం ఉన్నది. అప్పుడు పేరు కొత్తవాడది, అమ్మకం మరొకరిది అవుతుంది.

సంప్రదాయ వృత్తిదారులు ఆన్‌లైన్ దుకాణం తెరవడమంటే వెబ్‌సైటు తయారు చేసుకొనడమేనన్న అభిప్రాయం వ్యాప్తిలో ఉన్నది. వాస్తవానికి వెబ్‌సైటు ఈ పనిలో చిన్న భాగం మాత్రమే. సరుకు కొలతలు, ఛాయాచిత్రాలు, ధర నిర్ణయం, రవాణా, పన్ను నమోదు, పేరు రక్షణ, రోజువారీ లెక్క అను అంశాలపైనే దుకాణం నిలబడుతుంది. వరంగల్ జంపఖానాను ఉదాహరణగా తీసుకొని ఈ అంశాలను పాత్రికేయుల, క్షేత్రస్థాయి అధికారుల ఉపయోగార్థం ఈ వ్యాసంలో పొందుపరచడమైనది.

చారిత్రక నేపథ్యం

కాకతీయుల రాజధానిగా ప్రసిద్ధి చెందిన ఓరుగల్లు ప్రాంతం నూలు వస్త్రాలకు మధ్యయుగాల నుంచే పేరు గన్నది. మొగలు సైన్యాలు దక్కనుకు వచ్చిన కాలంలో వాటి వెంట వచ్చి స్థిరపడిన పారశీక కళాకారుల ద్వారా తివాచీల నేత ఇక్కడ వ్యాపించినట్లు చెప్పబడుతున్నది. 1851లో లండన్ నగరంలో జరిగిన మహా ప్రదర్శనలో వరంగల్ తివాచీలు ప్రదర్శించబడి ప్రశంసలందుకున్నాయి. తెలుగు ప్రాంతంలో వరంగల్‌తో పాటు ఏలూరు కూడా తివాచీల నేతకు పేరు పొందినది.

కాలక్రమంలో ముడుల తివాచీల స్థానాన్ని తక్కువ ఖర్చుతో తయారయ్యే నూలు జంపఖానాలు ఆక్రమించాయి. 1934లో నగరంలో నెలకొల్పబడిన ఆజంజాహీ మిల్లు వరంగల్‌ను వస్త్ర పరిశ్రమ కేంద్రంగా నిలిపింది. ఆ మిల్లు 2002లో మూతబడినది. 2017 అక్టోబరులో గీసుగొండ, సంగెం మండలాల పరిధిలో కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కుకు శంకుస్థాపన జరిగింది. పెద్ద పరిశ్రమలో ఈ మార్పులు జరుగుతుండగా, కొత్తవాడ మగ్గాలు సహకార సంఘాల, మాస్టర్ వీవర్ల ఆధారంగా కొనసాగాయి.

జంపఖానా ప్రత్యేకత

తివాచీకి, జంపఖానాకు భేదం ఉన్నది. తివాచీలో పడుగు దారాలకు చిన్న చిన్న ముడులు వేసి, పైకి నూగువలె నిలిచిన ఉపరితలాన్ని కల్పిస్తారు. జంపఖానా చదునైన నేత. దీనినే శతరంజీ అని, దరీ అని కూడా వ్యవహరిస్తారు. బలమైన నూలు పడుగుపై మందమైన పేక దారాలను దట్టంగా కూర్చి, పంజా అనబడే ఇనుప దువ్వెనతో గట్టిగా కొట్టి సర్దడం వలన పడుగు దాదాపు కనిపించకుండా పోయి, రంగుల పేక మాత్రమే పైకి తేలుతుంది. ఎక్కువ నమూనాలలో రెండు ముఖాలూ ఒకే విధంగా ఉండడం వలన జంపఖానాను తిరగవేసి వాడుకొనవచ్చును.

వరంగల్ జంపఖానాలలో ఇంటర్‌లాక్ నేత, చిటికి కట్టి అద్దిన నూలుతో నేసే ఇక్కత్ పద్ధతి, నేసిన జంపఖానాపై కలంకారీ అచ్చులతో ముద్రించే పద్ధతి ప్రధానమైనవి. ఇంటర్‌లాక్ పద్ధతిలో ఒక రంగు పేక అంచు నుంచి అంచుకు పోదు. నమూనాలో ఆ రంగుకు నిర్దేశించిన చోటు వరకే పోయి, పక్క రంగు పేకతో మెలివడి వెనుకకు మరలుతుంది. ఈ పనిని నేతకారుడు ప్రతి వరుసలోనూ చేతితోనే చేయవలసి ఉంటుంది. సాధారణ మరమగ్గంలో పేక ఒక అంచు నుంచి రెండవ అంచు వరకు ఒకే పరుగున పోతుంది. కావున ఇంటర్‌లాక్ నమూనాను మరమగ్గం యథాతథంగా నేయలేదు. పైనుంచి రంగులు ముద్రించి, చూపులో పోలిక తేగలదు. ఫోన్ తెరపై ఈ తేడా సులభంగా తెలియదు.

ఇప్పటి వరకు ఉన్న విక్రయ మార్గాలు

కొత్తవాడ సరుకు ప్రధానంగా మూడు మార్గాలలో అమ్ముడవుతూ వచ్చింది. సహకార సంఘాలు నేయించి రాష్ట్ర చేనేత సహకార సంస్థకు అమ్మడం మొదటిది. సంక్షేమ వసతి గృహాల వంటి ప్రభుత్వ అవసరాలకు జంపఖానాల కొనుగోలు ఈ మార్గంలోనే జరుగుతూ వచ్చింది. మాస్టర్ వీవర్ నూలు ఇచ్చి, నేసినందుకు కూలి చెల్లించి, సరుకును టోకు వర్తకులకు చేర్చడం రెండవది. ప్రదర్శనలలో, మేళాలలో నేరుగా అమ్మడం మూడవది.

ఈ మూడింటికీ ప్రయోజనాలు ఉన్నాయి. ప్రభుత్వ కొనుగోలు వలన పెద్ద పరిమాణంలో, ఒకే కొలతలో పని దొరుకుతుంది. మాస్టర్ వీవర్ పెట్టుబడి భారాన్ని మోస్తాడు. మేళాలలో రొక్కం వెంటనే చేతికి వస్తుంది. కాని మొదటి రెండు మార్గాలలో జంపఖానాను చివరకు ఎవరు వాడుతున్నారో, వారికి ఏ రంగు, ఏ కొలత నచ్చుతున్నదో నేతకారునికి తెలియదు. కొనుగోలుదారు ఒక్కరే అయినప్పుడు ఆ ఒక్కరి ఆదేశం ఆలస్యమైతే మగ్గం ఆగుతుంది, సంఘం గోదాములో నిల్వ పెరుగుతుంది. 2020 మార్చి 25 నుంచి అమలైన లాక్‌డౌన్ సమయంలో మేళాలు, బజారు దుకాణాలు, సంస్థల కొనుగోళ్లు ఏకకాలంలో స్తంభించడంతో ఈ బలహీనత దేశవ్యాప్తంగా చేనేత రంగానికి అనుభవంలోకి వచ్చింది. 2019-20లో జరిగిన నాలుగవ అఖిల భారత చేనేత గణన ప్రకారం ఈ రంగంపై ఆధారపడిన నేతకారులు, అనుబంధ వృత్తులవారు 35 లక్షలకు పైగా ఉన్నారు. వారిలో సుమారు 72 శాతం మంది మహిళలు.

ఆన్‌లైన్ విక్రయం పై మూడు మార్గాలకు ప్రత్యామ్నాయం కాదు. వాటికి తోడుగా నిలిచే నాలుగవ మార్గం మాత్రమే.

ఆన్‌లైన్ వేదికల క్రమపరిణామం

చేనేత సహకార సంఘాలు తమ పేరుతోనే ఆన్‌లైన్‌లో అమ్ముకొనే వీలు కల్పిస్తూ గోకూప్ సంస్థ 2012లో బెంగళూరులో ప్రారంభమైనది. 2014 ఆగస్టులో కేంద్ర జౌళి మంత్రిత్వ శాఖ పరిధిలోని చేనేత అభివృద్ధి కమిషనర్ కార్యాలయం ఫ్లిప్‌కార్ట్ సంస్థతో అవగాహన ఒప్పందం కుదుర్చుకున్నది. 2016లో అమెజాన్ సంస్థ హస్తకళలకు, చేనేతకు ప్రత్యేక విభాగాన్ని ఆరంభించింది. ఇది కారీగర్ పేరుతో ప్రసిద్ధమైనది. 2019 జూలైలో ఫ్లిప్‌కార్ట్ సంస్థ సమర్థ్ కార్యక్రమాన్ని ప్రారంభించింది.

ప్రభుత్వ పక్షాన 2016 ఆగస్టు 9న గవర్నమెంట్ ఈ-మార్కెట్‌ప్లేస్, అనగా జెమ్ పోర్టల్, ప్రారంభమైనది. ఇది ప్రభుత్వ శాఖలు, ప్రభుత్వ రంగ సంస్థలు తమ అవసరాలకు సరుకులు కొనుగోలు చేసే వేదిక. సాధారణ వినియోగదారునికి ఉద్దేశించినది కాదు. 2021 డిసెంబరు 31న ఓ.ఎన్.డి.సి. సంస్థ ఏర్పడి, 2022 ఏప్రిల్‌లో ఐదు నగరాలలో ప్రయోగాత్మకంగా సేవలు మొదలుపెట్టింది. ఇది దుకాణం కాదు. విక్రేత ఒక యాప్‌లో నమోదైనప్పటికీ, వేరొక యాప్ వాడే కొనుగోలుదారునికి కూడా అతని సరుకు కనిపించే విధంగా కలిపే వ్యవస్థ. 2023లో కేంద్ర జౌళి మంత్రిత్వ శాఖ చేనేత, హస్తకళా ఉత్పత్తులకు ఇండియాహ్యాండ్‌మేడ్ పోర్టల్‌ను ప్రారంభించింది. నేతకారులు, కళాకారులు, వారి సంఘాలు కమీషన్ చెల్లించకుండా వినియోగదారునికి నేరుగా అమ్ముకొనడానికి ఈ పోర్టల్ ఉద్దేశించబడినది.

ఏ దారి ఎవరికి అనుకూలం

వృత్తిదారుని ముందు మూడు దారులు ఉన్నాయి.

మొదటిది, పెద్ద ప్రైవేటు వేదికలలో విక్రేతగా చేరడం. ఇక్కడ కొనుగోలుదారులు ముందే ఉంటారు. చెల్లింపు, రవాణా ఏర్పాట్లు వేదిక చూస్తుంది. అందుకు ప్రతిఫలంగా కమీషన్, ఇతర రుసుములు ఉంటాయి. సరుకు తిరిగి వచ్చిన సందర్భంలో విక్రేతపై భారం పడుతుంది. చవక సరుకు పక్కనే చేనేత సరుకు కనిపించడం వలన ధర ఒత్తిడి అధికం.

రెండవది, ప్రభుత్వ వేదికలలో చేరడం. ఖర్చు తక్కువ, చేనేతగా గుర్తింపు స్పష్టం. అయితే వేదికకు వచ్చే కొనుగోలుదారుల సంఖ్యపై అమ్మకం ఆధారపడుతుంది.

మూడవది, సంఘం లేదా కుటుంబం సొంత వెబ్‌సైటు ద్వారా, లేదా వాట్సాప్, ఇన్‌స్టాగ్రామ్ వంటి మాధ్యమాల ద్వారా అమ్మడం. మిగులు ఎక్కువ, వినియోగదారునితో నేరుగా సంబంధం ఏర్పడుతుంది. కాని కొనుగోలుదారుని వెదికి తెచ్చుకొనే బాధ్యత పూర్తిగా విక్రేతదే.

ఈ మూడింటిలో ఒకదానినే ఎంచుకొనవలసిన అవసరం లేదు. చిన్న సంఘం ముందుగా రెండవ దారిలో అనుభవం సంపాదించి, పాత కొనుగోలుదారులతో మూడవ దారిని పెంచుకొని, నిల్వ నిలకడగా ఉన్న కొలతలను మాత్రమే మొదటి దారిలో పెట్టడం నష్టభయం తక్కువగా ఉండే క్రమం.

పత్రాలు, పన్ను నమోదు

పాన్ కార్డు, బ్యాంకు ఖాతా, ఆధార్‌తో అనుసంధానమైన ఫోన్ నంబరు అన్ని దారులకూ ప్రాథమిక అవసరాలు. 2020 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన ఉద్యమ్ నమోదు ఉచితం. చేనేత గణన ఆధారంగా ఇచ్చే పెహచాన్ కార్డు నేతకారునిగా గుర్తింపునకు ఉపకరిస్తుంది.

వస్తు సేవల పన్ను నమోదు విషయంలో క్షేత్రస్థాయిలో గందరగోళం ఎక్కువగా ఉంటుంది. ఈ క్రింది వివరాలు గమనార్హం.

2019 ఏప్రిల్ 1 నుంచి వస్తువుల విక్రేతలకు నమోదు పరిమితిని 40 లక్షల రూపాయల వార్షిక టర్నోవరుకు పెంచిన నోటిఫికేషన్ నుంచి మినహాయించిన రాష్ట్రాలలో తెలంగాణ ఒకటి. తెలంగాణకు 20 లక్షల రూపాయల పరిమితి కొనసాగించబడినది. పత్రికలలో వచ్చే 40 లక్షల సంఖ్యను ఇక్కడి నేతకారునికి వర్తింపజేయరాదు.

ఈ-కామర్స్ వేదిక ద్వారా అమ్మే విక్రేతకు, టర్నోవరు ఎంత తక్కువైనా, చట్టంలోని 24వ సెక్షన్ ప్రకారం నమోదు తప్పనిసరిగా ఉండేది. 2023 అక్టోబరు 1 నుంచి రాష్ట్రం లోపలి అమ్మకాలకు మాత్రం పరిమితికి లోబడిన చిన్న విక్రేతలకు సడలింపు లభించింది. ఇందుకు పాన్ ఆధారంగా పన్ను పోర్టల్‌లో ఎన్‌రోల్‌మెంట్ సంఖ్య పొందవలసి ఉంటుంది. వేదిక ద్వారా ఇతర రాష్ట్రాలకు అమ్మదలచిన వారికి ఈ సడలింపు వర్తించదు.

వేదికతో నిమిత్తం లేకుండా ఇతర రాష్ట్రాల కొనుగోలుదారునికి తానే నేరుగా పంపే చేతివృత్తుల ఉత్పత్తిదారులకు వేరొక మినహాయింపు ఉన్నది. 2017 సెప్టెంబరులో జారీ అయి, 2018లో సవరించబడిన నోటిఫికేషన్ల ప్రకారం చేతితో తయారైన నిర్దిష్ట వస్తువులను రాష్ట్రం వెలుపలకు అమ్మినప్పటికీ, టర్నోవరు పరిమితికి లోబడి ఉన్నంత వరకు నమోదు అవసరం లేదు. తివాచీలు, జంపఖానాలు ఆ జాబితాలో ఉన్నాయి. అయితే పాన్ ఉండాలి. సరుకు విలువ ఎంత తక్కువైనా ఈ-వే బిల్లు తీసుకొనాలి.

కావున ఒకే నేతకారుడు ఒకే జంపఖానాను బెంగళూరుకు తన సొంత దుకాణం నుంచి పంపితే ఒక నిబంధన, పెద్ద వేదిక ద్వారా పంపితే మరొక నిబంధన వర్తిస్తుంది. దుకాణం తెరవక ముందే ఈ సంగతిని వివరించి, వాణిజ్య పన్నుల శాఖ కార్యాలయంలో ధ్రువపరచుకొనవలసిందిగా సూచించడం ఉచితం.

నమోదైన విక్రేతకు చెల్లించే సొమ్ము నుంచి వేదికలు వస్తు సేవల పన్ను క్రింద కొంత శాతం వసూలు చేసి ప్రభుత్వానికి జమ చేస్తాయి. ఇది 1 శాతంగా ఉండి, 2024 జూలై 10 నుంచి 0.5 శాతానికి తగ్గించబడినది. ఈ సొమ్ము విక్రేత పన్ను ఖాతాలో జమ అవుతుంది. దీనిని తిరిగి రాని ఖర్చుగా భావించి పలువురు ధరలో కలుపుతుంటారు. అది సరికాదు.

ఛాయాచిత్రం, కొలత, వివరణ

కొనుగోలుదారుడు సరుకును చేతితో తాకి చూడలేడు. ఆ లోటును చిత్రం, వివరణ కలిసి పూరించాలి. ఒక జంపఖానాకు కనీసం ఐదు చిత్రాలు అవసరం: పూర్తి పరిమాణం, వెనుక ముఖం, అంచు మరియు కుచ్చులు, నేత దగ్గరగా కనిపించే చిత్రం, గదిలో పరచినప్పటి చిత్రం. చిత్రాలను పగటి వెలుతురులో, నీడపట్టున తీయాలి. పసుపు రంగు దీపాల క్రింద తీసిన చిత్రంలో ఎరుపు, నారింజగా కనిపిస్తుంది. రంగు తేడా సరుకు వెనుకకు రావడానికి ప్రధాన కారణాలలో ఒకటి.

వరంగల్ జంపఖానా విషయంలో వెనుక ముఖం చిత్రానికి ప్రత్యేక ప్రాధాన్యం ఉన్నది. ఇంటర్‌లాక్ నేతలో నమూనా రెండు వైపులా ఒకే విధంగా కనిపిస్తుంది. పైపై ముద్రణతో అనుకరించిన సరుకులో వెనుక వెలవెలబోతుంది. చేతినేతకు ఇంతకంటె తేలికైన రుజువు తెరపై చూపడం కష్టం. కలంకారీ ముద్రణ జంపఖానాలకు ఈ సూత్రం వర్తించదు కనుక, వాటి వివరణలో "నేసిన జంపఖానాపై చేతి అచ్చులతో ముద్రణ" అని స్పష్టంగా వ్రాయాలి.

కొలతలను అడుగులలోను, సెంటీమీటర్లలోను ఇవ్వాలి. చేతినేతలో స్వల్ప తేడా సహజం కనుక, ఎంత తేడా ఉండవచ్చునో ముందే తెలపాలి. బరువు, నూలు రకం, రంగు నిలకడ, ఉతికే విధానం పేర్కొనాలి. మొదటి ఉతుకులో రంగు వదిలే అవకాశం ఉంటే ఆ సంగతి దాచరాదు.

2020 జూలై 23న ప్రకటించబడిన వినియోగదారుల రక్షణ (ఈ-కామర్స్) నియమావళి ప్రకారం సరుకు లోపభూయిష్టంగా ఉన్నా, ప్రకటించిన వివరణకు భిన్నంగా ఉన్నా విక్రేత దానిని వెనుకకు తీసుకొనడానికి నిరాకరించరాదు. మొత్తం ధరను, సరుకు తయారైన దేశాన్ని తెలపాలి. ఫిర్యాదు అందినట్లు 48 గంటలలోగా తెలియజేసి, నెలలోగా పరిష్కరించాలి. ఈ బాధ్యతలు పెద్ద సంస్థలకే పరిమితం కావు. వేదికపై అమ్మే చిన్న విక్రేతకూ వర్తిస్తాయి.

ధర నిర్ణయం: ఒక నమూనా లెక్క

ఈ క్రింది లెక్క విధానాన్ని వివరించడానికి తీసుకొన్న ఊహాత్మక ఉదాహరణ మాత్రమే. ఇందులోని అంకెలు ఏ సంస్థ రుసుములూ కావు. పన్నును లెక్కలోకి తీసుకొనలేదు.

ఒక జంపఖానా అమ్మకం ధర 2,000 రూపాయలు అనుకొనిన యెడల, నూలు, అద్దకం, నేత కూలి కలిపి 1,350 రూపాయలు, ప్యాకింగ్ 60 రూపాయలు, రవాణా 220 రూపాయలు, వేదిక రుసుము 12 శాతం చొప్పున 240 రూపాయలు పోగా మిగిలేది 130 రూపాయలు. పంపిన పదింటిలో ఒకటి తిరిగి వచ్చినచో, తొమ్మిది అమ్మకాల మిగులు 1,170 రూపాయల నుంచి ఆ ఒక్కదాని రాకపోకల రవాణా, ప్యాకింగ్ కలిపి 500 రూపాయలు తీసివేయాలి. అప్పుడు ఒక్కొక్క అమ్మకానికి మిగిలేది సుమారు 74 రూపాయలు. పదింటిలో ఒక్కటి వెనుకకు వస్తే మిగులు దాదాపు సగానికి పడిపోతున్నది.

అదే జంపఖానాను సొంత దుకాణం ద్వారా అమ్మి, చెల్లింపు సేవకు 2 శాతం ఇచ్చినచో మిగులు 330 రూపాయలు. అయితే కొనుగోలుదారుని రప్పించేందుకు చేసే ప్రచారపు ఖర్చు ఇందులోంచే రావాలి. నేత కూలిని తగ్గించి ఆన్‌లైన్ ధరను తగ్గించడం ఏ విధంగానూ నిలిచే పద్ధతి కాదు. మగ్గంపై పని చేసేవారికి మిగులు కనిపించనిచో తరువాతి తరం ఆ మగ్గంపై కూర్చొనదు.

ప్యాకింగ్, రవాణా

జంపఖానా బరువైన సరుకు. అనేక రవాణా సంస్థలు అసలు బరువు, ఘనపరిమాణపు బరువు అను రెండింటిలో ఏది ఎక్కువైతే దానిపై రుసుము విధిస్తాయి. ఘనపరిమాణపు బరువును సాధారణంగా పొడవు, వెడల్పు, ఎత్తులను సెంటీమీటర్లలో గుణించి 5,000తో భాగించి లెక్కిస్తారు.

నాలుగు అడుగుల వెడల్పు, ఆరు అడుగుల పొడవు గల జంపఖానాను చుట్టగా చుట్టి 122 సెంటీమీటర్ల పొడవు, 15 సెంటీమీటర్ల మందంతో పంపితే ఘనపరిమాణపు బరువు 5.49 కిలోలు అవుతుంది. అదే జంపఖానాను ఎనిమిది పొరలుగా మడిచి 61, 46, 6 సెంటీమీటర్ల కొలతలతో పంపితే 3.37 కిలోలు మాత్రమే. మడత గుర్తులు ఒకటి రెండు రోజులు పరచి ఉంచితే పోతాయని తెలిపే చిన్న కాగితాన్ని లోపల ఉంచితే ఫిర్యాదులు తగ్గుతాయి. వానాకాలంలో తడి తగలకుండా లోపలి పొరగా ప్లాస్టిక్ సంచి, బయట గోనె లేదా అట్టపెట్టె వాడాలి.

పేరు రక్షణ

1999లో రూపొంది 2003 సెప్టెంబరు 15 నుంచి అమలులోకి వచ్చిన భౌగోళిక గుర్తింపు చట్టం ప్రకారం, ఒక పేరు నమోదు కావడం మొదటి మెట్టు మాత్రమే. ఆ పేరును వాడుకొనే ప్రతి ఉత్పత్తిదారుడు అధీకృత వినియోగదారునిగా విడిగా నమోదు చేసుకొనాలి. నమోదు పది సంవత్సరాల పాటు చెల్లుతుంది. తరువాత దానిని పునరుద్ధరించుకొనాలి. పేరు దుర్వినియోగమైనప్పుడు చట్టప్రకారం చర్య కోరే హక్కు అధీకృత వినియోగదారునికి లభిస్తుంది. ఆన్‌లైన్ దుకాణంలో ఆ నమోదు సంఖ్యను చూపినచో కొనుగోలుదారునికి నమ్మకం కలుగుతుంది.

దీనికి తోడు 2006లో ప్రవేశపెట్టిన హ్యాండ్‌లూమ్ మార్క్, 2015 ఆగస్టు 7న తొలి జాతీయ చేనేత దినోత్సవం సందర్భంగా ప్రారంభించిన ఇండియా హ్యాండ్‌లూమ్ బ్రాండ్ ఉన్నాయి. మొదటిది చేనేత అని ధ్రువపరుస్తుంది. రెండవది నాణ్యతా ప్రమాణాలను కూడా ధ్రువపరుస్తుంది. భౌగోళిక గుర్తింపు సరుకు పుట్టిన చోటును తెలుపుతుంది. ఈ మూడూ ఒకటి కావు. ఒకటి ఉన్నంత మాత్రాన మరొకటి ఉన్నట్లు కాదు.

1985 నాటి చేనేత (ఉత్పత్తుల రిజర్వేషన్) చట్టం క్రింద చేనేతకు మాత్రమే కేటాయించిన 11 రకాల వస్త్రాలలో జంపఖానా ఒకటి. ఈ చట్టాన్ని సుప్రీంకోర్టు 1993లో సమర్థించింది. ఆదేశంలోని నిర్వచనానికి లోబడిన జంపఖానాను మరమగ్గంపై నేయడం నిషిద్ధం. అందువలన ఆన్‌లైన్‌లో అనుమానాస్పద సరుకు కనిపించినప్పుడు పేరు దుర్వినియోగం, రిజర్వేషన్ ఉల్లంఘన, తప్పుడు వివరణ అను మూడు కోణాలలోను పరిశీలించవచ్చును. ఫిర్యాదుతో పాటు ఆ ప్రకటన చిత్రం, విక్రేత పేరు, తేదీ భద్రపరచడం అవసరం. ప్రకటనను తొలగించిన తరువాత రుజువు దొరకదు.

దుకాణం నడిపేదెవరు

అనుభవంలో తేలే అసలు ప్రశ్న ఇదే. మగ్గంపై కూర్చున్న నేతకారుడు పని మధ్యలో లేచి ఫోన్‌కు జవాబు చెప్పలేడు. ఇరవై కుటుంబాలు ఇరవై దుకాణాలు తెరిచి, ఒక్కొక్క దానిలో మూడేసి జంపఖానాలు పెట్టినచో, మూడు అమ్ముడైన వెంటనే ఆ దుకాణం ఖాళీ అవుతుంది. ఆదేశం వచ్చి సరుకు లేని దుకాణాన్ని వేదికలు క్రమంగా వెనుకకు నెట్టివేస్తాయి. ఇరవై కుటుంబాల సరుకు ఒకే దుకాణంలో ఉంటే నిల్వ నిలుస్తుంది, రకాలు పెరుగుతాయి, రవాణా బేరం కుదురుతుంది.

కావున సహకార సంఘం లేదా ఉత్పత్తిదారుల కంపెనీ పేరున ఉమ్మడి దుకాణం, దానికి ఒక బాధ్యుడు ఉండడం మేలైన పద్ధతి. నేత కుటుంబాలలో చదువుకున్న యువతీ యువకులకు, ముఖ్యంగా నేత పరిభాష తెలిసినవారికి, ఈ పనిలో శిక్షణ ఇవ్వవచ్చును. బయటి నిపుణుడు దుకాణం తెరిచి ఇచ్చి, రహస్య సంకేతపదాలు, ఖాతా వివరాలు తన వద్దనే ఉంచుకొని వెళ్లిపోతే ఆ దుకాణం సంఘానిది కాదు. దుకాణం ఖాతా, బ్యాంకు ఖాతా, వెబ్‌సైటు పేరు సంఘం పేరుననే నమోదు కావాలి.

ఉమ్మడి దుకాణానికి పారదర్శకత ప్రాణం. ఎవరి జంపఖానా ఎంతకు అమ్ముడైనది, ఖర్చులు పోగా ఎవరికి ఎంత చేరినది అను వివరాలను ప్రతి జంపఖానాకు ఒక సంఖ్య ఇచ్చి నమోదు చేయాలి. అదే సంఖ్యను, నేసినవారి సమ్మతితో వారి పేరును, సరుకుకు కట్టే చీటీపై ముద్రించవచ్చును. ఇంతవరకు పేరు లేకుండా గోదాములకు పోయిన సరుకు నేసినవారి పేరుతో ఇంటికి చేరడం ఆన్‌లైన్ విక్రయంలోని విశేషం.

ఇతర వృత్తులకు అన్వయం

పై విధానం ఉమ్మడి వరంగల్ ప్రాంతపు ఇతర ఉత్పత్తులకూ స్వల్ప మార్పులతో వర్తిస్తుంది. 2016 అక్టోబరు 11న జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణతో పెంబర్తి జనగామ జిల్లాలోనికి, చేర్యాల సిద్దిపేట జిల్లాలోనికి చేరాయి. పెంబర్తి లోహకళకు, చేర్యాల నకాషీ చిత్రాలకు భౌగోళిక గుర్తింపు ఉన్నది. ఇత్తడి వస్తువులకు బరువు, సొట్టలు పడకుండా ప్యాకింగ్ ప్రధాన సమస్యలు. చిత్రాలకు నకలు ముద్రణల బెడద ప్రధానం. 2025లో గుర్తింపు పొందిన వరంగల్ చపాటా మిరప ఆహార పదార్థం కనుక ఆహార భద్రతా నిబంధనలు అదనంగా వర్తిస్తాయి.

అధికారులు పరిశీలించవలసిన అంశాలు

శిక్షణ కార్యక్రమాల ఫలితాన్ని తెరిచిన దుకాణాల సంఖ్యతో కొలవడం ఆనవాయితీగా ఉన్నది. ఆరు నెలల తరువాత ఎన్ని దుకాణాలలో సరుకు ఉన్నది, ఎన్ని ఆదేశాలు సకాలంలో పంపబడినవి, ఎన్ని వెనుకకు వచ్చినవి, నేతకారునికి చేరిన మొత్తం ఎంత అను నాలుగు అంశాలు అసలైన కొలమానాలు. సంఘంలో ఎందరు అధీకృత వినియోగదారులుగా నమోదైనారు అనునది ఐదవది.

పాత్రికేయుల గమనికకు

వార్తలలో "వరంగల్ కార్పెట్" అను మాట తివాచీకి, జంపఖానాకు, మరమగ్గపు సరుకుకు కలగలుపుగా వాడబడుతున్నది. భౌగోళిక గుర్తింపు పొందినది "వరంగల్ డర్రీస్", అనగా చదునైన నేత గల జంపఖానా. గుర్తింపు లభించిన సంవత్సరం 2018. 2021 ఆగస్టులో వరంగల్ అర్బన్ జిల్లా హనుమకొండగా, వరంగల్ రూరల్ జిల్లా వరంగల్‌గా పేరు మారినందున, అంతకు పూర్వపు గణాంకాలను ఉదహరించేటప్పుడు అవి ఏ జిల్లా పరిధికి చెందినవో పేర్కొనడం అవసరం. ఆన్‌లైన్‌లో చవకగా దొరికే సరుకు చిత్రాన్ని వార్తకు జోడించే ముందు అది చేనేతయా కాదా అని నిర్ధారించుకొనవలెను. పత్రికలో ఒకసారి తప్పు చిత్రం వెలువడితే, తరువాత ఆ పేరుతో వెదికే వారికి అదే కనిపిస్తుంది.